స్థానియు నాదేశమును: సెడ్ అను పాఠసంస్కరణ సాధనము

పలమనేరునకుఁ జేరువనున్న గంగవరము పేరు నేఁడు రెండు తీరులుగా వ్రాయఁబడుచున్నది. గ్రాంథికముగా వ్రాయువారు ము వర్ణముతో గంగవరము అందురు. ప్రభుత్వపు లెక్కలలోను, బస్సుల పలకలమీఁదను, జనుల వ్రాఁతలోను అది గంగవరం అని పూర్ణబిందువుతో ముగియును. పద్యము వ్రాయువాఁడు ఛందోవశమున గంగవరంబు అనియు, గంగవరమ్ము అనియుఁ గూడ ననవచ్చును. ఊ రొక్కటియే, పే రొక్కటియే. తుది మాత్రము వేఱు. ఇది చిన్నభేదము. కాని యిట్టి చిన్నభేదములే పాఠపరిష్కర్తకు సాక్షులు.

ఒక పాఁత గ్రంథమును కంప్యూటరున కెక్కించి, అందలి ముకారాంత శబ్దముల నన్నిఁటిని బిందువుతో ముగియునట్లు మార్పవలయునని యొకరు తలఁచిరేని, మునుపు వ్రాయసకాఁడు నెలలకొలఁది చేయవలసిన యా పనిని నేఁ డొక్క పంక్తిలోని యాజ్ఞ కనుఱెప్పపాటున నెఱవేర్చును. అట్టి యాజ్ఞలను గ్రహించి పనిచేయు సాధనములలో సెడ్ అనునది ప్రసిద్ధము. దాని పుట్టుక యెట్టిది, అది పనిచేయు విధ మెట్టిది, వ్యాకరణశాస్త్రములోని యాదేశప్రక్రియతో దానికిఁ గల పోలిక యెంతవఱకు, పోలిక తెగిపోవు చో టెయ్యది యనునవి యిట విచారింపఁబడును. పోలిక తెగిపోవు చోటనే ప్రాచీనగ్రంథములకు హాని పొంచియున్నది.

సాధనస్వరూపము

సెడ్ అనుపేరు స్ట్రీమ్ ఎడిటర్ అను రెండుమాటల కుదింపు. ప్రవాహముగా వచ్చు పాఠమును సంస్కరించునది యని దాని భావము. తక్కిన సంస్కరణసాధనములందు వ్రాయువాఁడు తెఱమీఁద పాఠమును జూచుచు, తప్పు కనఁబడినచోట నాఁగి దిద్దుకొనును. సెడ్డునం దట్లు గాదు. దిద్దవలసిన నియమములను ముందుగా వ్రాసియిచ్చి, పిదప గ్రంథమును దానిగుండఁ బాఱింపవలయును. అది గ్రంథమునుండి యొక్కొక్క పంక్తిని దీసికొని, తన లోపలి చోట నునిచి, నియమములను వ్రాసిన వరుసలో నొకదానివెనుక నొకటిగా నా పంక్తిపైఁ బ్రయోగించి, ఫలితమును వెలువరించి, తరువాతి పంక్తికిఁ బోవును. గ్రంథ మెంత పెద్దదైనను దానికి బరువు గాదు. ఏలయన నొకతఱి నొకపంక్తియే దాని చేతిలో నుండును. వలసినచో నొకపంక్తిని దాఁచియుంచుటకు మఱియొక నిలువచోటు గూడఁ గలదు.

నియమములలో ముఖ్యమైనది యాదేశనియమము. ఎస్ అను నక్షరము, ఒక వాలుగీఁత, వెదకవలసిన నమూనా, మరల వాలుగీఁత, దాని స్థానమున నిలువవలసినది, తుది వాలుగీఁత - ఇంతియే దాని రూపము. నమూనాలో నక్షరములేకాక కొన్ని సంకేతములును గలవు. చుక్క యే యక్షరమునకైనను నిలుచును. నక్షత్రపు గుర్తు తన ముందున్నది సున్న మొదలుకొని యెన్నిమాఱులు వచ్చినను సరియే యని తెలుపును. టోపీవంటి గుర్తు పంక్తిమొదలిని, డాలరు గుర్తు పంక్తితుదిని జెప్పును. చదరపు కుండలీకరణములలో నుంచిన యక్షరములలో నేదో యొకటి యున్నఁ జాలును. నియమము తుద జి అను నక్షరము లేనిచో పంక్తిలోని మొదటి స్థానము మాత్రమే మాఱును. ఉన్నచో నన్నియు మాఱును. నమూనాలోని యొకభాగమును బట్టియుంచి, 1 మొదలు 9 వఱకు నుండు నంకెలతో దానిని ఫలితమున మరల నిలుపవచ్చును.

పుట్టుక

ఈ నమూనాల విద్యకు మూలము గణితశాస్త్రమున నున్నది. అమెరికా గణితవేత్త స్టీఫెన్ క్లీనీ 1951లో నాడీజాలములను గుఱించి వ్రాసిన యొక పత్రమున, అక్షరశ్రేణుల సముదాయములను వికల్పము, అనుక్రమము, ఆవృత్తి యను మూఁడుక్రియలతో వర్ణింపవచ్చునని చూపెను. అది 1956లో నచ్చుపడెను. ఆవృత్తిని దెలుపు నక్షత్రము నేఁటికి నతని పేరనే పిలువఁబడుచున్నది. నాఁడు దీనికి గ్రంథసంస్కరణముతో సంబంధ మేమియు లేదు. 1960 దశకమధ్యమున కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో బట్లర్ ల్యాంప్సన్, పీటర్ డాయిచ్ అనువారు క్యూఈడీ అను సంస్కరణసాధనమును నిర్మించిరి. కెన్ థాంప్సన్ దానిని వేఱొక యంత్రమునకై మరల వ్రాయుచు క్లీనీ నమూనాల నందుఁ జేర్చెను; నమూనాను వెదకు పద్ధతిని 1968లో వ్యాసముగాఁ బ్రకటించెను. 1969లో బెల్ ప్రయోగశాలలలో యూనిక్స్ అను వ్యవస్థ పుట్టినప్పు డతఁడే దానికై ఈడీ అను చిన్నసాధనమును వ్రాసెను.

ఈడీ గ్రంథమునంతయు నొక్కమాఱుగా యంత్రస్మృతిలో నుంచుకొని పనిచేయును. నాఁటి యంత్రముల స్మృతి మిగులఁ గొంచెము. ఆ ప్రయోగశాలలలోనే పనిచేయుచుండిన లీ మెక్‌మాహన్ అను పండితుఁడు ఫెడరలిస్టు వ్యాసములను పరిశోధింపఁబూనఁగా, ఆ పాఠ మీడీలోఁ బట్టలేదు. ఆ యక్కఱ తీర్చుటకై థాంప్సన్ ఈడీలోని వెదకుభాగమును వేఱుచేసి గ్రెప్ అను సాధనముగా నిచ్చెనని వారి సహచరుఁడు బ్రయన్ కెర్నిహన్ చెప్పియున్నాఁడు. గ్రెప్ 1973లో వెలువడినది. అది నమూనా గల పంక్తులను జూపునేకాని మార్పదు. మార్చునట్టి సాధనమును 1973-74 ప్రాంతమున మెక్‌మాహనే వ్రాసెను. అదియే సెడ్. 1979లోని యూనిక్స్ ఏడవ కూర్పుతో నది దేశదేశములకుఁ బోయెను. దాని తరువాత 1977లోఁ బుట్టిన ఆక్, 1987లో వెలువడిన పెర్ల్ అనునవి యీ మార్గమునే విస్తరిల్లఁజేసెను.

ఇందు సాహిత్యపరిశోధకులు గమనింపఁదగిన విశేష మొకటి కలదు. ఫెడరలిస్టు వ్యాసములు 1787-88లో అమెరికా రాజ్యాంగమును సమర్థించుచు పబ్లియస్ అను మాఱుపేర వెలువడిన 85 వ్యాసములు. వానిని వ్రాసినవారు అలెగ్జాండర్ హామిల్టన్, జేమ్స్ మాడిసన్, జాన్ జే యను మువ్వురు. వీనిలో 12 వ్యాసములు హామిల్టన్ వ్రాసినవో, మాడిసన్ వ్రాసినవో చిరకాలము తేలలేదు. ఫ్రెడరిక్ మోస్టెల్లర్ తొలుత వాక్యముల పొడవును లెక్కించి చూచెను. హామిల్టన్ వాక్యమునకు సగటున 34.55 మాటలు, మాడిసన్ వాక్యమునకు 34.59 మాటలు వచ్చెను. ఆ లెక్కవలన నొరిగిన దేమియు లేదు. పిదప 1944లో డగ్లస్ అడేర్ అను చరిత్రకారుఁ డొక చిన్నసంగతిని గనిపెట్టెను. ఒకే యర్థమున హామిల్టన్ వైల్ అని వ్రాయును. మాడిసన్ వైల్‌స్ట్ అని వ్రాయును. మోస్టెల్లర్, డేవిడ్ వాలెస్ అనువారు కూడి, యిట్టి యల్పపదములనే లెక్కించి, 1964లోఁ బ్రకటించిన గ్రంథమున నా 12 వ్యాసములు మాడిసన్‌వే యని నిర్ణయించిరి. అపాన్ అను చిన్నమాట హామిల్టన్ వ్రాఁతలో వేయిమాటలకు సుమారు 3 మాఱులు వచ్చును. మాడిసన్ వ్రాఁతలో మిగుల నరుదు. విషయము గాని, వాక్యగంభీరత గాని కర్తను బట్టియీయలేదు. వ్రాయువాఁడు సయిత మెఱుఁగక వాడిన యల్పపదము లాతని బట్టియిచ్చెను.

మధ్యకాలమున నెవ్వఁడైన నొక ముద్రాపకుఁడు, రెండుమాటల కర్థ మొకటియే కదా యని వైల్‌స్ట్ ఉన్నచోటనెల్ల వైల్ అని దిద్దియుండినచో నా సాక్ష్యము నశించియుండును. కర్తృనిర్ణయవిచారముతోడి చుట్టఱికము గల యీ సాధనముచేతనే కర్తృసాక్ష్యమును జెఱుపుటయు సులభమయ్యెను. ఈ సంగతిని మనసున నుంచుకొని వ్యాకరణమార్గమును బరికింపవలయును.

వ్యాకరణమార్గము

పాణినీయమున నొకదాని చోట మఱియొకటి వచ్చునప్పుడు తొలఁగునది స్థాని, వచ్చునది యాదేశము. సూత్రమున స్థాని షష్ఠియందును, ఆదేశము ప్రథమయందును, పరనిమిత్తము సప్తమియందును, పూర్వనిమిత్తము పంచమియందును నిర్దేశింపఁబడును. విభక్తిని జూచినతోడనే యేది మాఱునో, ఏది యగునో, దేని ముందో, దేని వెనుకనో తెలియును. సెడ్డు నియమమునందును నీ నాలుగంగములు గలవు. భేద మేమనఁగా నట విభక్తి చేయుపనిని నిట వాలుగీఁతలును సంకేతములును జేయును.

గంగవరము పేరునే యుదాహరణముగాఁ దీసికొనిన నిది తేటపడును. ము అను దానికి బిందువు ఆదేశమని నిమిత్తము లేకయే విధించినచో, ముందు అను శబ్దమున మొదటి యక్షరమే పోవును, రాముఁడు రాంఁడగును, గంగవరమున అను సప్తమీరూపము గంగవరంన అగును. కావున పదాంతమందని పరనిమిత్తమును జెప్పవలయును. అంతటితోఁ దీఱునా? తీఱదు. పాము అనునది పాం అగును. నోము నోం అగును. సొమ్ము అను శబ్దమున మ్ము అనునది కంప్యూటరులో మకారము, హలంతచిహ్నము, మకారము, ఉకారచిహ్నము అని నాలుగు సంకేతములుగా నుండుటచే, తుది ము మాత్రము మాఱి, యుచ్చరింప వీలులేని సొమ్ం అను వికృతరూప మేర్పడును. కావున ము వర్ణమునకు ముందు గుణింతపు గుర్తు గాని, హలంతచిహ్నము గాని లేక, అకారాంతమగు హల్లే యుండవలయునని పూర్వనిమిత్తమును జేర్పవలయును. ఆ హల్లును బట్టియుంచి, ఫలితమున మరల నిలుపవలయును. అప్పుడు గంగవరము గంగవరం అగును; పామును సొమ్మును బ్రతుకును.

ఇంత చేసినను వ్రాయఁగలము అను క్రియ వ్రాయఁగలం అగును. వ్రాయు సాధనమగు కలము అను నామమునకును, ఉత్తమపురుష బహువచనమగు కలము అను క్రియకును యంత్రమునకు భేదము తెలియదు. వర్ణములే దానికి గోచరము. అర్థము గాదు, సంజ్ఞ గాదు. పాణిని ధాతువు, ప్రాతిపదికము, ప్రత్యయము అని సంజ్ఞలు చేసి, పిదప వానికిఁ గార్యములు విధించెను. సెడ్డు నెఱిఁగినది వర్ణక్రమము మాత్రమే. పద్యముల విషయమున మఱియొక చిక్కు గలదు. గంగవరము అనఁగా నొక గురువు, నాలుగు లఘువులు. గంగవరం అనఁగా గురువు, రెండు లఘువులు, మరల గురువు. మాత్రలు రెంటను నాఱే. కాని వృత్తములందు రెండు లఘువుల చోట గురువు నిలువదు, గణము చెడును. గద్యమున కొప్పిన నియమము పద్యమున ఛందస్సును దెగఁగొట్టును.

సెడ్డులో వై అను నక్షరముతో మొదలగు నియమము మఱియొకటి కలదు. అందు స్థానులను వరుసగా నొకవంకను, ఆదేశములను వరుసగా వేఱొకవంకను వ్రాయుదురు. మొదటిదానికి మొదటిది, రెండవదానికి రెండవది వచ్చును. రెండు వరుసలును సమసంఖ్యాకములు గానిచో సాధనము పని మానుకొనును. ఇది పాణినీయమున యథాసంఖ్యన్యాయము. తెలుఁగున గసడదవాదేశము దీనికిఁ జక్కని యుదాహరణము. కచటతపలకు వరుసగా గసడదవలు వచ్చును. వాఁడు పోయె అనునది వాఁడు వోయె అగును. అయినను చిన్నయసూరి బాలవ్యాకరణమున నీ కార్యము ప్రథమావిభక్తి మీఁది పరుషములకు, అదియు బహుళముగా, విధింపఁబడినది. బహుళ మనఁగా నొకచోట నిత్యముగా వచ్చుట, ఒకచోట రాకుండుట, ఒకచోట వికల్పముగా వచ్చుట, ఒకచోట వేఱొక రూపము గలుగుట. యంత్రమునకు నిత్యమును నిషేధమును దెలియును గాని బహుళము తెలియదు. కవిప్రయోగమున సగము తావుల వచ్చి, సగము తావుల రాని కార్యమును అది యన్నిఁట నొక్కతీరుగాఁ జేసి, కవి యెక్కడ సంధి చేసెనో, యెక్కడ మానెనో తెలియకుండఁ జేయును.

నియమముల వరుసయు విచారింపఁదగినది. సెడ్డులో మొదటి నియమము చేసిన ఫలితముపై రెండవది, దాని ఫలితముపై మూఁడవది నడచును. ఒక ప్రతిలో వ్రాయసకాఁడు రేఫ శకటరేఫములను దాఱుమాఱు చేసినాఁడని తలఁచి, వానిని దిరుగఁ దారుమాఱు చేయఁబూనిన వాఁడు, ముందు ర కు ఱ యనియు, పిదప ఱ కు ర యనియు రెండు నియమములు వ్రాసినచో నేమగును? మొదటి నియమముతో గ్రంథమంతయు ఱ యగును. రెండవదానితో నంతయు ర యగును. ఏ యక్షర మే చోట నుండెనో యిఁక బ్రహ్మకైనను దెలియదు. యథాసంఖ్యనియమముతో నైనచో రెండును నొక్కతఱిఁ జరుగును గాన నీ దోషము రాదు. పాణిని యష్టాధ్యాయి తుది మూఁడు పాదములను ముందటి సూత్రముల దృష్టికి నసిద్ధములుగాఁ జేయుట యిట్టి సంకటములను నివారించుటకే. కార్యముల వరుస శాస్త్రమున నెంత ముఖ్యమో దానివలనఁ దెలియును.

ఈ పోలికను జూచి, సెడ్డును నిర్మించినవారు పాణినినుండి గ్రహించిరని చెప్పుట సాహసము. వారు నడచినది క్లీనీ గణితమార్గము. కంప్యూటరు భాషలను వర్ణించుటకై 1959లో జాన్ బ్యాకస్ చూపిన పద్ధతికి పాణిని పేరునుఁ గూడఁ జేర్పవలయునని పీటర్ ఇంగర్‌మన్ 1967లో సూచించెను. అదియు సామ్యమును గుర్తించుటయే గాని ఋణమును నిరూపించుట గాదు. ఒకే విధమగు కార్యమునకై దూరదేశములలో, దూరకాలములలో నొకే విధమగు సాధన మేర్పడె ననుటయే న్యాయము.

లోపము

పోలిక తెగిపోవు చోటు లోపము. పాణినీయమున లోప మనఁగా కనఁబడకుండుట; లేకుండుట గాదు. లోపించిన ప్రత్యయము కనఁబడకున్నను దానినిబట్టి వచ్చు కార్యము వచ్చును. ఆదేశము గూడ, స్థాని వర్ణము నాశ్రయించిన కార్యములందుఁ దప్ప, స్థానివలెనే మన్నింపఁబడును. తొలఁగినదానిని శాస్త్రము మఱువదు. ప్రక్రియ యంతయు చదువరి యెదుటనే యుండును; సిద్ధరూపమునుండి మరల మూలమునకుఁ బోవచ్చును. సెడ్డులో నాదేశపు చోటు నూరక విడిచినచో నదియు లోపమే. కాని తొలఁగిన యక్షరమునకు ఫైలులో నేమియు గుఱుతు మిగులదు. ఇట లోప మనఁగా నాశము.

అరసున్న విషయమున నిది తీవ్రముగాఁ గనఁబడును. నేఁటి వాడుకలో నరసున్న లేదు, శకటరేఫము కొద్ది. పాఁత గ్రంథములను నేఁటివారికి సుగమముగాఁ జేయవలయునని, అరసున్నల నన్నిఁటిని దొలఁగించి, ఱ ఉన్నచోటనెల్ల ర చేయుటకు రెండు నియమములు చాలును. అట్లు చేసినచో సంవత్సరమను నర్థము గల ఏఁడును, సంఖ్యావాచియగు ఏడును నొకటియగును. దినమను నర్థము గల నాఁడును, రేనాడు పాకనాడులలో దేశవాచియగు నాడును నొకటియగును. నదియను నర్థము గల ఏఱును, ఎంచి తీయుట యను నర్థము గల ఏరును నొకటియగును. చదువరి సందర్భమునుబట్టి యర్థము గ్రహించుకొనును గదా యనవచ్చును. చదువరి గ్రహించును, చరిత్ర గ్రహింపలేదు.

ఏలయన నరసున్న యలంకారము గాదు. అదియే యొక లోపమునకు మిగిలిన గుఱుతు. తెలుఁగు, తమిళము, కన్నడము కలియు గంగవరము, కుప్పము సీమలలో దీనిని వేఱుగాఁ జెప్పఁబనిలేదు. తెలుఁగున మూఁడు, తమిళమున మూన్ఱు. తెలుఁగున ఏఁడు, తమిళమున ఆండు. తమిళమున నిండుగా నున్న యనునాసికము తెలుఁగున సన్నగిల్లి యరసున్నగా నిలిచినది. తెలుఁగున ఏఱు, తమిళమున ఆఱు, రెంటను శకటరేఫమే. 1997లో కుప్పమున స్థాపింపఁబడిన ద్రావిడ విశ్వవిద్యాలయమువంటి చోట్ల భాషలను బోల్చి చదువు విద్యార్థికి నీ బిందువే దారి చూపును. లోపము కనఁబడకుండుటయే గాని లేకుండుట గాదను శాస్త్రమతమునకుఁ దెలుఁగులిపిలో నున్న ప్రత్యక్షరూప మరసున్న. దానిని దొలఁగించుట లోపమును గూడ లోపింపఁజేయుట.

తెలుఁగున కర్తృవివాదములు కొదువ గావు. క్రీడాభిరామము వినుకొండ వల్లభరాయని పేర నున్నను నది శ్రీనాథకృతమని వేటూరి ప్రభాకరశాస్త్రి వాదించెను. ఆంధ్రశబ్దచింతామణి నన్నయకృతమా కాదా యను చర్చయుఁ జిరకాలము నడచినది. ఇట్టి విచారములందు శబ్దరూపములు, సంధులు, ప్రాసస్థానమున రేఫ శకటరేఫముల కలయిక మొదలగునవి సాక్ష్యములుగాఁ దేఁబడుచుండును. ర యెక్కడ, ఱ యెక్కడ యను భేదము తుడిచివేయఁబడిన పాఠముతో నీ చర్చ సాగదు. హామిల్టన్ మాడిసన్‌ల వివాదమున వైల్, వైల్‌స్ట్ అను మాట లెట్టివో, తెలుఁగున నివి యట్టివి.

పరిష్కర్త ధర్మము

మదనపల్లె 1911లో చిత్తూరుజిల్లా యేర్పడువఱకును కడపజిల్లాలోనిది. ఆ కడపకు 1820లో నుద్యోగియై వచ్చిన సి. పి. బ్రౌను తెలుఁగుగ్రంథములను బరిష్కరించిన మార్గ మిట స్మరణీయము. ఒక కావ్యమునకు దొరకిన ప్రతుల నన్నిఁటిని సంపాదించి, యొక శుద్ధప్రతిని వ్రాయించి, ప్రక్కపుటలను ఖాళీగా విడిపించి, పాఠాంతరముల నందెక్కించి, పండితులచేఁ జర్చింపించి, పిదప పాఠమును నిర్ణయించుట యాతని పద్ధతి. జూలూరి అప్పయ్య మొదలగు పండితు లాతనికిఁ దోడుపడిరి. బ్రౌను నిర్ణయములలోఁ గొన్ని తప్పులు కావచ్చును. కాని విడిచిన పాఠము ప్రక్కపుటలో నుండుటచేత నా తప్పును బట్టుకొనుటకు వీలు గలదు. స్థాని యచట దాఁచఁబడినది.

మెక్‌మాహన్ వ్రాసిన సెడ్డునందును నిట్టి రక్షణ యొకటి యుండెను. అది మూలఫైలును ముట్టదు. చదివి, మార్చిన పాఠమును వేఱుగా వెలువరించును. స్థానియు నాదేశమును రెండును మిగులును. అయితే తరువాతి కూర్పులలో, ముఖ్యముగా గ్నూ అను సంఘమువారి కూర్పులో, మూలముననే మార్పును నిలుపు వెసులుబాటు చేర్పఁబడినది. ఆజ్ఞతోపాటు ఐ అను నక్షరమును జేర్చినచో, మార్చిన పాఠమే మూలఫైలు చోటి నాక్రమించును. ఆ యక్షరమువెంట మఱియొక పేరు చెప్పినయెడల మాత్రమే పాఁతది వేఱుగా నిలుచును. ఒక్క పేరు చెప్పుటయు, చెప్పకుండుటయు - గ్రంథసాక్ష్యము బ్రతుకుటకును నశించుటకును నడుమ నున్న దూర మింతియే.

కంప్యూటరులిపి సంగతియు నిట్టిదియే. 1991లో వెలువడిన యూనికోడ్ తొలికూర్పుననే తెలుఁగున కక్షరముల పట్టిక యేర్పడెను; అరసున్నకును ఱ కును నందుఁ దావు దొరకెను. అక్షరములను ఫైలున నిలుపుటకు నేఁడు మిగుల వాడుకలో నున్న యూటీఎఫ్-8 అను పద్ధతిని 1992లో రచించినది రాబ్ పైక్‌తోఁ గూడి, ఈడీని వ్రాసిన యా కెన్ థాంప్సనే. ఆ పద్ధతిలో గంగవరము అను పేరు 21 బైట్లు, గంగవరం అనునది 18 బైట్లు. కాని రేనాటి చోళుల శాసనములందుఁ గనఁబడు ఴ అను నక్షరమునకు 2014 వఱకు తెలుఁగుపట్టికలో స్థానము లేదు. దానికి మునుపు శాసనపాఠమును కంప్యూటరున వ్రాయువారు మఱియొక యక్షరమునో, గుఱుతునో దాని చోట నుంచవలసివచ్చెను. ఏ గుఱుతు దేనికై యుంచఁబడెనో వ్రాసిపెట్టినవారి పాఠములను నేఁ డొక్క నియమముతో సరిదిద్దవచ్చును. వ్రాసిపెట్టనివారి పాఠములను శాసనమును మరల జూచినఁగాని సరిదిద్దరాదు. సాధన మొకటియే, ఒకచోట నది యుపకారకము, ఒకచోట నిరుపయోగము. భేదమునకుఁ గారణము వ్రాసిపెట్టుట.

కావున సాధనమును దూషించుట తగదు. ఒక మహాకావ్యమున శకటరేఫ మున్న పంక్తులన్నియు నేవో గ్రెప్ క్షణమునఁ జూపును. పూర్వపండితులు దానికై జన్మమంతయు వెచ్చించిరి. రెండుప్రతుల నడుమ ము వర్ణమునందును బిందువునందును మాత్రమే భేద మున్నచోట్లను బ్రక్కకుఁ దీసి, నిజమైన పాఠాంతరములను మాత్రమే పండితుని ముందుంచుట సెడ్డువంటి సాధనముతో సుకరము. ఇవి గొప్ప మేళ్లు. అయితే పరిష్కర్తకు మూఁడు నియమము లవశ్యము. మూలమును దిద్దక వేఱుగా నుంచవలయును. మార్పుటకు ముందు నమూనాకు లోఁబడు పంక్తులను గన్నులారఁ జూడవలయును. ప్రయోగించిన నియమములను, వాని వరుసను, ఫలితమగు పాఠముతోఁ గూడ భద్రపఱచి చదువరులకుఁ జూపవలయును. సూత్రము తెలిసినచో ప్రక్రియ తెలియును. ప్రక్రియ తెలిసినచో మూలమునకు మరల దారి యుండును.

బహుజనపల్లి సీతారామాచార్యులు 1885లోఁ బ్రకటించిన శబ్దరత్నాకరమున నరసున్నలను, శకటరేఫములను దావు తావున నిలిపి, పూర్వుల భేదమును దరువాతివారి కందించెను. ఒక్కొక్కటియుఁ జేతఁ గూర్చిన యా యక్షరములను నేఁ డొక్కయాజ్ఞ తుడిచివేయఁగలదు. అదియే యాజ్ఞ, మూలమును గాపాడి ప్రయోగించినయెడల, పూర్వు లెఱుఁగని సాక్ష్యములను వెలికిఁ దీయఁగలదు. గంగవరం అని వ్రాసినను గంగవరము అని వ్రాసినను ఊరు కదలదు. కాని యే కాలమున, ఏ వ్రాయసకాఁడు, ఏ తీరున వ్రాసెనో తెలుపునది యా తుది యక్షరమే. ఆదేశమును జేయువాఁడు స్థానిని దాఁచియుంచుట ధర్మము. ఈ విషయమున విజ్ఞులు మఱింత విచారింతురు గాక.